చీలిన కోటకొమ్మలు

ఇటలీ కోటల గురించి నాకు తెలిసినదంతా ఒమన్‌లో తెలిసింది. ఇటలీని నేను ఎన్నడూ చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. అయినా ఈ వయసులో కూడా ఎక్కడైనా క్యాలెండరు మీద ఒక కోట బొమ్మ కనిపిస్తే ముందు దాని గోడ పైఅంచు వైపే చూస్తాను.

డెబ్భైల నడుమ మాట. మస్కట్‌లోని రూవిలో ఒక కట్టుబడి కంపెనీ ఆఫీసులో నేను డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసేవాణ్ణి. నాకప్పుడు ఇరవై అయిదేళ్లు. జగిత్యాల దగ్గరి పల్లె మాది. హైదరాబాదులో ఐటీఐ చదివి, రెండేళ్లు ఒక కాంట్రాక్టరు దగ్గర నక్షలు గీసి, బొంబాయి మీదుగా మస్కట్ చేరాను. నేను చేరిన ఏడాదికి మా బావ కూడా అదే కంపెనీలోకి మేస్త్రీగా వచ్చాడు. మా అక్క భర్త. కంపెనీ ఫోర్మన్ కడప ముస్లిం, నడివయసు మనిషి. ఆయన్ని బతిమాలి బావకు వీసా తెప్పించింది నేనే. బావను సహం దగ్గర కడుతున్న ఒక బడి సైట్‌లో వేశారు. రూవి నుంచి సముద్రం పక్కనే రోడ్డు మీద మూడు గంటల దూరం.

ఆ సైట్‌కు ఇంజనీరు ఒక ఇటలీ ఆయన. యాభై అయిదేళ్లుంటాయి. సన్నగా, కాస్త ముందుకు వంగి నడిచేవాడు. గురువారం సాయంత్రం పికప్‌లో రూవికి వచ్చి, శుక్రవారం సెలవు గడిపి, శనివారం పొద్దున్నే తిరిగి సైట్‌కు వెళ్లేవాడు. ఆఫీసు వెనకే ఆయన గది. శుక్రవారాలు నేను కూడా ఆఫీసులోనే గడిపేవాణ్ణి. మా రూమ్‌లో ఆరుగురం, ఒకటే ఫ్యాను. ఆఫీసులో ఏసీ ఉండేది.

ఒక శుక్రవారం ఆయన ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి నా బల్ల మీద పెట్టాడు. మూత తీస్తే నలుపు తెలుపు ఫొటోలు. డెబ్భై దాకా ఉంటాయి. అన్నీ కోటలే.

"నీ అక్షరాలు బాగుంటాయి. వీటి వెనక పేర్లు రాయాలి" అన్నాడు. ఆయన ఇంగ్లీషు ముక్కలు ముక్కలుగా ఉండేది, నాదీ అంతే. అందుకే మేమిద్దరం ఒకరికొకరం బాగా అర్థమయ్యేవాళ్లం.

"పేర్లు చెప్పండి సర్, రాస్తాను."

"అదే కదా. నాకూ తెలియవు."

ఆయన తండ్రి గార్దా అనే పెద్ద సరస్సు దగ్గరి ఊళ్లో ఫొటోలు తీసి, పోస్టుకార్డులు అచ్చువేసి అమ్మేవాడట. మోటారుసైకిల్ మీద ఊరూరూ తిరిగి కోటలు ఫొటోలు తీశాడు. ఏది ఏ ఊరిదో ఆయనకు నోటికే వచ్చు, అందుకే ఎక్కడా రాసుకోలేదు. ఆయన పోయాక తల్లి డబ్బా మొత్తం కొడుక్కి పంపింది. ఊరి లైబ్రరీ తీసుకుంటానందట, పేర్లు రాసిస్తేనే.

"నేను పద్దెనిమిదేళ్లకే ఊరు వదిలేశాను. సగం కూడా గుర్తుపట్టలేను" అన్నాడు ఇంజనీరు. ఆయన దగ్గర ఎర్ర అట్ట ఉన్న పాత గైడు పుస్తకం ఒకటి, మడతల దగ్గర చిరిగిన రోడ్డు మ్యాపు ఒకటి ఉన్నాయి. వాటితోనే మొదలుపెట్టాం.

ముందు ఫొటోలను రెండు దొంతులుగా విడదీయమన్నాడు. కోటగోడ మీద పళ్ల వరసలా నిలబడి ఉండే దిమ్మెల్ని మా వైపు కోటకొమ్మలు అంటారు. సైనికుడు వాటి చాటున నిలబడి, సందులోంచి బయటికి చూస్తాడు. మా జిల్లాలోని ఎల్గందల కోట మీద అవి గుండ్రంగా ఉంటాయి. ఒమన్ కోటల మీద కూడా చాలావరకు అంతే. ఈ ఫొటోల్లో కొన్నింటి మీద అవి నలుచదరంగా, ఇటుకలు నిలబెట్టినట్టు ఉన్నాయి. ఎక్కువ వాటి మీద మాత్రం పైకొస నడిమికి చీలి, రెండు మొనలుగా విడిపోయి ఉంది. నాకు మొదట ఇంగ్లీషు ఎమ్ అక్షరంలా కనిపించింది. ఆయన కాగితం మీద ఒక పిట్టను గీసి, రెండుగా చీలిన దాని తోక దగ్గర పెన్సిలు ఆపాడు. వానకోయిల. ఆ చీలిక కొమ్మలకు వాళ్ల భాషలో వానకోయిల తోక అనే పేరు.

"నలుచదరం పెట్టినవాళ్లు పోపు పక్షం, అంటే రోములోని మతగురువు వైపు. చీలికవి పెట్టినవాళ్లు చక్రవర్తి పక్షం. అప్పట్లో వాళ్లకూ వీళ్లకూ వందల ఏళ్లు గొడవ. బడిలో మాకు అట్లాగే చెప్పారు" అన్నాడు. తర్వాత తల అడ్డంగా ఊపాడు. "కానీ నమ్మడానికి లేదు. కోట చేతులు మారేది. కొత్తగా వచ్చినవాడు తనకు నచ్చినట్టు కట్టించుకునేవాడు. వంద ఏళ్ల కిందట మరమ్మతులు చేసినవాళ్లయితే అందంగా ఉంటుందని లేనిచోట కూడా పెట్టేశారు."

చీలిక కొమ్మలున్న దొంతిలో నలభైకి పైగా తేలాయి. ఒక్కొక్కటీ తీసి వెతకడం మొదలుపెట్టాం. కొన్ని సులువుగానే దొరికాయి. నీళ్లలోంచే గోడలు లేచి, పడవలు నిలబెట్టుకోవడానికి కోటలోనే ఒక చిన్న రేవు ఉన్నది సిర్మియోనె. రాతి గుట్ట మీద ఎత్తయిన బురుజుతో, వెనక కొండ, కింద సరస్సు ఉన్నది మాల్చేసినె. కోట పక్కన నిమ్మచెట్లను చలి నుంచి కాపాడటానికి కట్టిన షెడ్డు కనిపిస్తే అది తోర్రి. ఊరి గోడ మెట్లుమెట్లుగా గుట్ట ఎక్కిపోయేది సోవావె. ఆయన ఒక్కో అక్షరం చెప్పేవాడు, నేను నల్ల సిరాతో ఫొటో వెనక రాసేవాణ్ణి. పేరు కింద ఆ కోట కొమ్మ ఆకారం చిన్నగా గీసేవాణ్ణి. అది నా సొంత ఆలోచన. ఆయనకు నచ్చింది.

ఒక గురువారం బావ కూడా ఇంజనీరు పికప్‌లోనే రూవికి వచ్చాడు. పన్ను పీకించుకోవాలి. మర్నాడు బుగ్గ వాచి, నోట్లో దూది పెట్టుకుని, నాతోపాటు ఆఫీసుకు వచ్చి కూర్చున్నాడు.

"ఏందిరా బామ్మర్దీ, శుక్రారం సుత గీ గీతలేనా?" అన్నాడు దూది పక్కకు నెట్టుకుంటూ.

నేను సంగతి చెప్పాను. బావకు చదువు రాదు. ఒక ఫొటో తీసుకుని కిటికీ వెలుగులో పెట్టి, చాలాసేపు చూశాడు. తర్వాత గోడ పైభాగం మీద గోరు పెట్టాడు.

"గిది ఒక్కని పని గాదు. కింద గట్టింది ఒకడు, పైన గట్టింది ఒకడు. సున్నం సూడు, కింద మన్ను రంగుంది, పైన తెల్లగున్నది. ఇటికె సుత జర పెద్దగున్నది."

బావ ఏమంటున్నాడని ఇంజనీరు అడిగాడు. చెప్పాను. ఆయన భూతద్దం తెచ్చి చూశాడు. పుస్తకం పేజీలు తిప్పాడు. ఆ కోట పైవరస ఎప్పుడో ఎనభై ఏళ్ల కిందట మళ్లీ కట్టిందేనని అందులో ఉంది. ఆయన బావ భుజం మీద చెయ్యి వేసి, ఇటాలియన్‌లో ఏదో అన్నాడు.

"ఇగో, సారును అడుగు" అన్నాడు బావ. "గీడు పోపు దిక్కు, గాడు రాజు దిక్కు అంటున్నవు. మరి గోడలు గట్టిన మేస్త్రీలు ఎవల దిక్కు?"

అడిగాను. ఇంజనీరు నవ్వాడు. ఆయన నవ్వగా చూడటం నాకు అదే మొదలు.

"ఎవరు పిలిస్తే వాళ్ల దిక్కు."

"అయితె మా లెక్కనే" అన్నాడు బావ. నవ్వబోయి, బుగ్గ పట్టుకున్నాడు.

ఆ రోజు నుంచి నేను గీసే చిన్న బొమ్మల్లో మార్పు వచ్చింది. అసలు కట్టడం నిండు గీతతో, తర్వాత కట్టింది చుక్కల గీతతో గీసేవాణ్ణి. ఏది ముందుదో ఏది తర్వాతదో చూడటం బావ చెప్పినట్టే చూసేవాణ్ణి. సున్నం రంగు, ఇటుక కొలత, వరసలు కలిసే చోటు.

అది జరిగిన ఏడు వారాలకు, ఒక సోమవారం మధ్యాహ్నం ఫోర్మన్ రూవి ఆఫీసుకు వచ్చాడు. ఆయన సైట్ వదిలి అట్లా ఎప్పుడూ రాడు. చొక్కా అంతా సిమెంటు. నా బల్ల దగ్గరికి వచ్చి, నా చేతిలోని పెన్ను తీసి పక్కన పెట్టాడు.

"కూచ్చోప్పా" అన్నాడు. నేను కూర్చునే ఉన్నాను. "మీ బావ కింద పడినాడప్పా. రెండో అంతస్తు అంచు మీంచి. ఆస్పత్రికి తీస్కపోతాంటే దావలోనే..."

నేను అడిగిన మొదటి మాట ఏమిటో నాకు బాగా గుర్తుంది.

"ఎన్ని గంటలకు?"

"పదకొండు అయ్యింటాది."

పదకొండు గంటలకు నేనేం చేస్తున్నానో ఆలోచించాను. ఒక ఇంటి స్నానాల గది నక్షలో మురుగుపైపు గీత గీస్తున్నాను. ఆ గీత ఇంకా బల్ల మీదే ఉంది. లేచేముందు షీటు మీద దుమ్ము పడకుండా గుడ్డ కప్పాను.

సహం దాటి సోహార్ ఊరి వైపు గుజరాతీ వ్యాపారులు చూపించిన చోట బావకు దహనం చేశాం. తలకొరివి నేనే పెట్టాను. ఫోర్మన్ తన చేతులతో కట్టెలు మోశాడు. ఇంజనీరు దూరంగా పికప్ నీడలో, టోపీ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. ఎండ మండిపోతోంది. మంట వేడి ఏదో, ఎండ వేడి ఏదో తెలియలేదు. ఊరికి పంపాల్సిన టెలిగ్రాము కూడా నేనే రాశాను. ఇంగ్లీషులో ఆరు మాటలు. ఒక మాట తగ్గించినా అర్థమవుతుందని తోచి, కొట్టేసి అయిదు చేశాను.

మర్నాటి మర్నాడు డ్యూటీకి వెళ్లాను. మురుగుపైపు గీత ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి మళ్లీ మొదలుపెట్టాను. చెయ్యి వణకలేదు. రాత్రుళ్లు నిద్ర పట్టేది. రూమ్‌లో ఒకరోజు వండినవాడు కూరలో ఉప్పు మర్చిపోయాడని మిగతావాళ్లు తిట్టుకుంటుంటే నేను అప్పటికే తిని చెయ్యి కడుక్కున్నాను. మనసులో ఏదో ఒక చోటు బండబారిపోయింది. పన్ను పీకే ముందు మందు సూది వేస్తే దవడ ఎట్లా ఉంటుందో అట్లా ఉండేది. తడిమితే ఉన్నట్టు తెలుస్తుంది, నొప్పి మాత్రం తెలియదు.

పది రోజులకు అక్క ఉత్తరం వచ్చింది. అక్క అయిదో తరగతి దాకా చదివింది. పెద్ద పెద్ద అక్షరాలు.

"తమ్మీ, ఆయన ఎట్ల వడ్డడో జర వివరంగ రాయి. మంది తీరొక్క తీరుగ అంటున్నరు. తాగి వడ్డడట అంటున్నరు. నువ్వు ఆడనే ఉన్నవు గద, నీకు తెలుస్తది. నేను మందికి ఏమని చెప్పాలె?"

ఉత్తరం మడిచి తలగడ కింద పెట్టుకున్నాను. ఏం రాయాలో తెలియలేదు. తెలుసుకోవాలని కూడా అనిపించలేదు. బావ ఎట్లా పడ్డాడని నేను అప్పటిదాకా ఎవరినీ అడగలేదు.

ఆ వారంలోనే కంపెనీ మేనేజరు పిలిచాడు. ప్రమాదం గురించి విచారించడానికి ప్రభుత్వం వైపు నుంచి ఒక అధికారి వస్తాడట. ఆయనకు ఇవ్వడానికి పడిన చోటు నక్ష కావాలి. రెండో అంతస్తు స్లాబు అంచు, ఎత్తులు, దూరాలు. నేను వెళ్లి కొలిచి గీయాలి. చనిపోయినవాడు నాకు ఏమవుతాడో మేనేజరుకు తెలుసు. గుర్తులేదో, గుర్తున్నా పట్టించుకోలేదో నాకు తెలియదు. నేను కూడా గుర్తు చేయలేదు.

శనివారం పొద్దున ఇంజనీరు పికప్‌లో సహం వెళ్లాను. సైట్‌లో రెండో అంతస్తు ఎక్కాం. బావ కట్టిన గోడ సగంలో ఆగి ఉంది. సిమెంటు దిమ్మెలు నాలుగు వరసలు, సూటిగా, సమంగా. దానికి ఎదురుగా స్లాబు అంచు పొడవునా ఇనప పైపుల రెయిలింగ్ ఉంది. టేపు ఒక కొస ఆయన పట్టుకున్నాడు, రెండో కొస నేను పట్టుకున్నాను. పైపు ఎత్తు కొలవడానికి కిందికి వంగాను.

పైపు నాటిన చోట సిమెంటు ముదురు బూడిద రంగులో ఉంది. చుట్టూ స్లాబు ఎండకు తెల్లబడి ఉంది. వేలు పెట్టి గీరాను. పొడి రాలింది.

"ఇది ఎప్పుడు బిగించారు సర్?"

ఆయన టేపు వైపే చూస్తూ చెప్పాడు.

"బుధవారం."

బావ పడింది సోమవారం.

"ఎత్తు రాసుకో" అన్నాడు. రాసుకున్నాను.

రూవికి వచ్చి రెండు రోజులు కూర్చుని నక్ష గీశాను. నేను అంత శుభ్రంగా గీసిన షీటు మరొకటి లేదేమో. స్లాబు నిండు గీత. బావ కట్టిన గోడ నిండు గీత. రెయిలింగ్ దగ్గరికి వచ్చేసరికి నా చెయ్యి దానంతటదే చుక్కల గీత వేసింది. ధైర్యం చేశానని చెప్పుకోలేను. అది అట్లాగే గీయాలి కాబట్టి గీశాను. పక్కన చిన్న అక్షరాలతో ప్రమాదం తర్వాత బిగించినది అని రాశాను.

మేనేజరు షీటు చూసి తల ఎత్తాడు.

"ఈ చుక్కలేమిటి?"

"రెయిలింగ్ సర్."

"రెయిలింగ్‌కు చుక్కలెందుకు?"

"అది తర్వాత కట్టింది సర్."

"నిన్ను ఎవరైనా అడిగారా? అక్కడికి పోయి కంటికి కనిపించింది గీయమన్నాను. రెయిలింగ్ కనిపించిందా లేదా?"

"కనిపించింది."

"మరి?"

ఆయన షీటును నాలుగు మడతలు పెట్టి, సొరుగులో వేసుకున్నాడు. నా పక్క బల్ల దగ్గర మలయాళీ డ్రాఫ్ట్స్‌మన్‌ను పిలిచి, నా కొలతల కాగితం ఇచ్చి ఇంకొకటి గీయమన్నాడు. అతను నా ముఖం చూడకుండా గీశాడు. మధ్యలో తన సెట్‌స్క్వేర్ మొన విరిగి ఉందని నాది అడిగాడు. ఇచ్చాను.

గురువారం ఇంజనీరు వచ్చాక ఆ కొత్త షీటు మీద సంతకం పెట్టాడు. శనివారం దాన్ని ఫైల్లో పెట్టడానికి నా చేతికే ఇచ్చారు. మూల మీద ఆయన సంతకం ఉంది. రెయిలింగ్ నిండు గీత. దానికి జతచేసిన కాగితంలో పనివాడి అజాగ్రత్త అని టైపు చేసి ఉంది. చదివాను. ఫైలుకు చిల్లులు పొడిచి, ట్యాగు వేసి, అలమారాలో పెట్టాను.

వింత ఏమిటంటే, ఆ తర్వాతి శుక్రవారం కూడా నేను కోటల దగ్గరికి వెళ్లాను. ఎందుకు వెళ్లావని అడిగితే చెప్పలేను. శుక్రవారం వచ్చింది, వెళ్లాను. ఆ రోజు పదకొండు పేర్లు రాశాం. వెరోనా ఊళ్లో నది మీది ఇటుక వంతెన ఫొటో ఒకటి వచ్చింది. వంతెనకు రెండు వైపులా చీలిక కొమ్మలే. గుర్తుపట్టడం చాలా సులువు. రెండో ప్రపంచ యుద్ధం చివర్లో ఓడిపోయి వెళ్తున్న జర్మన్ సైన్యం దాన్ని పేల్చేసిందనీ, తర్వాత నదిలోంచి రాళ్లూ ఇటుకలూ ఏరి తెచ్చి మళ్లీ అట్లాగే కట్టారనీ ఆయన చెప్పాడు. ఈ ఫొటో పేల్చకముందుదో, మళ్లీ కట్టాకదో తెలియదు.

"అయితే నిండు గీతా, చుక్కల గీతా సర్?" అని అడిగాను. వెక్కిరింపుగా కాదు, నిజంగానే అడిగాను. ఆయన తర్వాతి ఫొటో తీశాడు. ఆ బొమ్మ గీయకుండా వదిలేశాను.

ఇంకో మూడు శుక్రవారాలు అట్లాగే గడిచాయి. ఆయన బావ మాట ఎత్తలేదు. నేను సంతకం మాట ఎత్తలేదు. డబ్బాలో ఇక ఒక్క ఫొటోనే మిగిలింది. అది నీళ్లు లేని, గుట్ట లేని చదును నేల మీద కోట. గోడ లోపలి వైపు నిలబడి తీసిన ఫొటో. ఒక బురుజు, కొంత గోడ, పైన చీలిక కొమ్మలు. పుస్తకంలో దొరకలేదు. మ్యాపు మీద ఊరూరూ వెతికినా తేలలేదు. ఆయన విసిగిపోయి కుర్చీలో వెనక్కి వాలాడు.

"సోవావె అని రాసెయ్."

"కాదు సర్."

"ఆ ఊరి గోడ కొంత చదును నేల మీద కూడా ఉంటుంది."

"ఉంటుంది. కానీ ఆ ఊరి ఫొటోలు మన దగ్గర మూడు ఉన్నాయి. మూడింటిలోనూ బురుజులకు లోపలి వైపు గోడ లేదు, తెరిచి ఉన్నాయి. ఇది నాలుగు వైపులా మూసి ఉంది."

ఆయన ఫొటో వైపు చూడనైనా చూడలేదు.

"లైబ్రరీలో ఆ తేడా ఎవరికి తెలుస్తుంది? రాసెయ్. అయిపోతుంది."

"రాయను."

ఆ మాట గట్టిగా వచ్చింది. ఒమన్ వచ్చాక నేనంత గట్టిగా ఎవరితోనూ మాట్లాడలేదు. పెన్ను కింద పెట్టబోతే చేతిలోంచి జారి దొర్లింది. బల్ల అంచు పట్టుకున్నాను.

"ఏది కాదో అది నేను రాయను" అన్నాను మళ్లీ. "మీరు ఏం చేసుకుంటారో చేసుకోండి. నేను రాయను."

ఇంజనీరు కళ్లద్దాలు తీసి పక్కన పెట్టాడు.

"పైపుల కోసం నేను కంపెనీకి రెండుసార్లు రాశాను. కార్బన్ కాపీలు నా దగ్గర ఉన్నాయి. పంపలేదు వాళ్లు."

"మరి సంతకం?"

"పెట్టాను."

"ఎందుకు పెట్టారు సర్?"

"భయమేసింది" అన్నాడు. "ఈ వయసులో నన్ను ఇంకెవరు పెట్టుకుంటారు అనుకున్నాను. అంతే. వేరే కారణం లేదు."

ఆయన్ని తిట్టాలనుకున్నాను. కానీ నాకు ఆ భయం తెలియనిది కాదు. మేనేజరు ముందు నేను కూడా నోరు మూసుకునే కదా బయటికి వచ్చాను.

"మా అక్క ఉత్తరం రాసింది" అన్నాను చివరికి. "ఎట్లా పడ్డాడని అడుగుతోంది. ఊళ్లో తాగి పడ్డాడంటున్నారట. నేనేమని రాయాలి?"

"తాగడమా?" ఆయన లేచి నిలబడ్డాడు. "నేను అక్కడే ఉన్నాను. పది అడుగుల దూరంలో. నాలుగో వరస పెట్టడం అయింది. వరస సూటిగా ఉందో లేదో చూడటానికి వెనక్కి జరిగాడు. రోజుకు ఇరవైసార్లు జరుగుతాడు. ఇట్లా." ఆయన గోడ వైపు చూస్తూ, ఒక కన్ను మూసి, ఒక్క అడుగు వెనక్కి వేసి చూపించాడు. "ఆ రోజు ఒక అడుగు ఎక్కువ వేశాడు. అక్కడ ఏమీ లేదు."

అప్పుడు బావ నాకు కనిపించాడు. ఊళ్లో ఎవరి ఇల్లు కట్టినా అట్లాగే ఒక కన్ను మూసి, వెనక్కి జరిగి, తల ఒక పక్కకు వంచి చూసుకునేవాడు. పెళ్లికి ముందు మా ఇంటి గోడ కట్టడానికి వచ్చినప్పుడే అక్క అతన్ని మొదట చూసింది. నేను బల్ల మీద తల పెట్టుకున్నాను. ఏడుపు రాలేదు. ఇంజనీరు ఒక గ్లాసు నీళ్లు తెచ్చి నా ముందు పెట్టి, తన గదిలోకి వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రమే అక్కకు ఉత్తరం రాశాను. తాగలేదు, జారలేదు, తొందరపడలేదు అని రాశాను. నాలుగు వరసలు కట్టి, అది సూటిగా ఉందో లేదో చూసుకోవడానికి వెనక్కి జరిగాడనీ, అక్కడ ఉండాల్సిన పైపుల అడ్డు లేదనీ, రెండు రోజుల తర్వాత పెట్టారనీ రాశాను. నక్ష సంగతి, సంతకం సంగతి రాయలేదు.

ఇంజనీరు తన ఉత్తరాల కార్బన్ కాపీలు రెండూ నాకు ఇచ్చాడు. ఎవరికైనా చూపించుకో అన్నాడు. ఫోర్మన్‌కు చూపించాను. ఆయన చదివించుకుని విని, కాగితాలు నా చేతిలోనే పెట్టాడు.

"చూపిస్తే నిన్నూ నన్నూ ఇద్దర్నీ ఇంటికి పంపిస్తారప్పా. చూపించకుంటే మనిషి పేరు చెడిపాయె. నువ్వెట్ల చెప్తే అట్ల చేద్దాం. నేను సాచ్చం చెప్తా" అన్నాడు.

ఆయన ఆ మాట అన్నాక నిర్ణయం నాదే అయింది. రేపు చెప్తానన్నాను. ఆ రేపు ఎన్నడూ రాలేదు. ఆయన మళ్లీ అడగలేదు. కాగితాలు నా పెట్టెలో అడుగున ఉండిపోయాయి.

రెండు నెలలకు ఇంజనీరు కాంట్రాక్టు ముగిసింది. వెళ్లే ముందు శుక్రవారం డబ్బా తెచ్చి, ఆ చదును నేల కోట ఫొటో నా ముందు పెట్టాడు. అక్షరాలు ఒక్కొక్కటే చెప్పాడు, నేను రాశాను. దాని అర్థం, తెలియదు అని. ఇద్దరం చెయ్యి కలుపుకున్నాం. ఆ తర్వాత ఆయన గురించి నాకేమీ తెలియదు.

ఏడాదికి సెలవు మీద ఊరికి వెళ్లాను. అక్క బాగా చిక్కిపోయింది. నా ఉత్తరాన్ని కొంగున ముడివేసుకుని, తాగి పడ్డాడన్నవాళ్ల ఇళ్లకు ఒక్కో ఇంటికీ పోయి, గడపలో నిలబడి చదివి వినిపించిందట. తానే చదివిందట, ఎవరి చేతా చదివించలేదట. ఆ సంగతి మా అమ్మ చెప్పింది. అక్క చెప్పలేదు.

మర్నాడు వాకిట్లో కూర్చుని బియ్యం చెరుగుతున్న అక్కకు మిగతా సంగతంతా చెప్పాను. రెయిలింగ్, చుక్కల గీత, మేనేజరు మడిచి పెట్టుకున్న షీటు, సంతకం, నా పెట్టెలో ఉన్న కాగితాలు. అక్క చాట ఆపకుండా వింది. నేను ఆగాక ఆమె కూడా ఆగింది.

"నువ్వు ఇంక గా ఆఫీసుల్నే పన్జేస్తున్నవా?" అంది.

"చేస్తున్న."

అక్క చాటలోంచి ఒక మట్టిబెడ్డ ఏరి పారేసి, మళ్లీ చెరగడం మొదలుపెట్టింది. కాసేపయ్యాక, నీళ్లు కాగినయి, తానం చెయ్యిపో తమ్మీ, అంది. లేచి వెళ్లాను. సెలవు ముగిశాక మస్కట్ తిరిగి వెళ్లి, అదే బల్ల దగ్గర ఇంకో నాలుగేళ్లు పనిచేశాను.